మారు వడ్డన లేని భోజనం

మన ఇళ్లలో వంటతో సగం పనే అవుతుంది. తక్కిన సగం వడ్డన. గరిటె పట్టుకుని పక్కన నిలబడే మనిషి ఒకరుండాలి. "చాలు" అన్న మాటను ఆ మనిషి మొదటిసారి వినిపించుకోకూడదు, రెండోసారి నమ్మకూడదు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి జారవిడిచే నేర్పు మా అత్తగారి తరానికి పుట్టుకతోనే వచ్చింది. కూర నచ్చిందా అని వాళ్లు అడగరు, ఇంకాస్త వేస్తారు. నోటితో చెప్పుకోని ఆపేక్షంతా ఆ మారు వడ్డనలోనే తీరిపోతుంది.

చంటిపిల్లల దగ్గరికొచ్చేసరికి వడ్డన కాస్తా నాటకమైపోతుంది. ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద, ఇది ఊళ్లో ఉన్న తాతయ్య ముద్ద. ఆఖరిది వద్దంటే తాతయ్యకు కోపమొస్తుంది. కంచంలో ఉన్నది రోజూ ఉండే పప్పన్నమే. ఆటంతా అమ్మ గొంతులోనూ వేళ్లలోనూ ఉంటుంది.

మా పాప టోక్యోలో యోచియెన్‌కు, అంటే అక్కడి కిండర్‌గార్టెన్‌కు, వెళ్లడం మొదలుపెట్టాక నా చేతిలోంచి ఆ గరిటె జారిపోయింది. మేముండేది ఎదొగావా వార్డులో నిషికసాయి. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకం కంగారుపడిన రోజుల్లో దిగిన మన ఇంజనీర్ల పుణ్యమా అని ఇక్కడ కందిపప్పుకూ చింతపండుకూ లోటులేదు. పాపకు భాష పట్టుబడుతుందని జపాన్ పిల్లలు చదివే బడిలోనే వేశాం. వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి బెంటో, అంటే డబ్బా భోజనం, కట్టి పంపాలి. బడివాళ్లు ఇచ్చిన కాగితంలో ఒక సలహా ఉంది. మొదట్లో పిల్ల తినగలిగిన దానికంటే కాస్త తక్కువే పెట్టండి, ఇష్టమైనవే పెట్టండి, డబ్బా ఖాళీ చేశానన్న సంతోషం పిల్లకు దక్కాలి అని. బిడ్డకు తక్కువ పెట్టమని ఒక తెలుగు తల్లికి కాగితం మీద రాసివ్వడం! నేను దాన్ని మా ఆయనకిచ్చి, సరిగానే చదివానా చూడమన్నాను.

డబ్బా కొనడానికి వెళ్తే ఇంకో వింత. ఆ వయసు పిల్లలకు 300 మిల్లీలీటర్లకు అటూ ఇటూ పట్టేది సరిపోతుందట. మా ఇంట్లో ఊరగాయ జాడీ అంతకంటే పెద్దది. వీడియో కాల్‌లో అమ్మకు చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని మరీ చూసింది.

"ఏమే, అది పిల్లకా, పిచ్చుకకా?"

లెక్క చెప్పాను. డబ్బాలో మూడు పాళ్లు అన్నం, ఒక పాలు మాంసమో గుడ్డో చేపో, రెండు పాళ్లు కూరగాయలు పెట్టి సందులేకుండా సర్దితే, డబ్బా ఎన్ని మిల్లీలీటర్లో భోజనం దాదాపు అన్ని కేలరీలని జపాన్‌లో ఒక బండగుర్తు. పెద్దవాళ్ల 600 డబ్బాకు 600 కేలరీలు, పిల్లల 300 డబ్బాకు 300. అమ్మకు ఈ లెక్కలేవీ ఎక్కలేదు. "అదంతా సరేనే, మారు కావాలంటే ఎవరేస్తారు?" అంది.

ఎవరూ వెయ్యరు. అమ్మ ఆ ఒక్క మాటతో బెంటో గుట్టంతా విప్పేసింది. మధ్యాహ్నం పన్నెండింటికి పిల్ల మూత తీసేసరికి వండిన మనిషి అక్కడుండదు. తినమని బతిమాలడానికి లేదు, కసురుకోవడానికి లేదు, వేడన్నం మరో చారెడు వెయ్యడానికి లేదు. చెప్పవలసిందంతా పొద్దున్నే, మూత పెట్టకముందే చెప్పెయ్యాలి. అందుకే ఆ దేశపు తల్లులు అన్నం ముద్దకు కళ్లూ మూతీ పెడతారు. ఎలుగుబంటి ముఖం, ఆక్టోపస్ కాళ్లు, కుందేలు చెవులు... ఇవన్నీ ముద్దుముచ్చట్లకు పోయి చేసే డాబనే నేనూ అనుకునేదాన్ని. పాప డబ్బా కట్టడం మొదలుపెట్టాక చూస్తే మన కాకి ముద్ద, పిచ్చుక ముద్ద చేసే పనే ఇదీను. కాకపోతే మనం గొంతుతో ఆడే ఆటను వాళ్లు ఆకారంగా మార్చి మూతకింద దాస్తారు.

ఈ ఆటలు చూడ్డానికి పెద్ద పనిలా ఉంటాయి గానీ చాలామటుకు రెండు నిమిషాల పనులే. ఆక్టోపస్ సంగతే తీసుకోండి. చిటికెన వేలంత సాసేజీ ఒకటి కావాలి. మేం పంది మాంసం తినం కాబట్టి హలాల్ కొట్లో దొరికే చికెన్ సాసేజీ తెస్తాను. దాన్ని సగం వరకు వదిలేసి, కింది సగాన్ని నిలువునా ఆరు కాళ్లుగా చీలుస్తాను. ఎనిమిది చీల్చాలని శాస్త్రం, ఆరు చాలునని నా అభిప్రాయం. ఇంతవరకు ఏ పిల్లా లెక్కపెట్టి ఫిర్యాదు చెయ్యలేదు. పెనం మీద చుక్క నూనె వేసి, కాళ్లు కిందికి వచ్చేలా నిలబెట్టి ఒక్క క్షణం పట్టుకుంటాను. పై తోలు వేడికి ముడుచుకుంటుంది, లోపలి మాంసం అంతగా ముడుచుకోదు. దాంతో కాళ్లన్నీ ఒక్కొక్కటే బయటికి వంగి, చివరలు పైకి తిరుగుతాయి. అంతదాకా చవకబారు సాసేజీగా ఉన్నది ప్రాణమున్నదానిలా కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది. నల్ల నువ్వులు రెండు కళ్లు. ఆ నువ్వుగింజను పుల్లతో అద్దడానికే తక్కిన పనంతటికంటే ఎక్కువసేపు పడుతుంది.

గుడ్డు ఇంకా సులువు. తమగోయాకి అని, చదరపు పెనంలో గుడ్డు సొనను పలచగా పోసి చుట్టి, మళ్లీ పోసి మళ్లీ చుట్టి, పొరలు పొరలుగా చేసే అట్టుచుట్ట ఒకటుంది. దాని ముక్కను ఏటవాలుగా కోసి, ఒక సగాన్ని తిరగేసి రెండో సగానికి ఆనిస్తే హృదయం బొమ్మ. అచ్చులక్కర్లేదు, ఓపికక్కర్లేదు, కత్తి ఒకటుంటే చాలు. ఆపిల్ కుందేలూ అంతే. ముక్క తొక్క మీద గుడిసె కప్పులా రెండు గాట్లు పెట్టి, ఒక చివరినుంచి తొక్క ఒలుచుకుంటూ వస్తే గాటు దగ్గర తెగి రెండు చెవులు మిగులుతాయి. ఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు వేస్తే ముక్క నల్లబడదు, చెవులూ కాస్త నిక్కుతాయి.

సామగ్రి మోజు మాత్రం వేరే జబ్బు. వంద యెన్ల కొట్లో ఈ సరంజామాకు ఒక గోడంతా ఉంటుంది. నోరి అనే సముద్రపు నాచు రేకులోంచి కళ్లూ నవ్వులూ కత్తిరించే పంచింగ్ మిషన్లు, క్యారెట్టును పువ్వులు చేసే అచ్చులు, చివర జంతువుల తలలున్న పుల్లలు, గడ్డిలా కనిపించే ఆకుపచ్చ ప్లాస్టిక్ అడ్డుతెరలు. సోయా సాస్ నింపే బుల్లి ప్లాస్టిక్ చేప ఒకటుంది, ఎర్ర మూత ముక్కుగా. 1954లో ఒసాకాలో పుట్టింది ఆ చేప. లోకమంతా ఈదింది. 2025లో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం, ఒక్కసారి పిండి పారేసే ప్లాస్టిక్కని దాన్ని నిషేధించింది. అది డబ్బాలో కనిపిస్తే నాకూ నవ్వొస్తుంది, కానీ నిషేధించినవాళ్లదే న్యాయమంటాను. ప్లాస్టిక్ గడ్డి బదులు లెట్యూస్ ఆకు పెడితే పిల్ల తినేస్తుంది కూడా. పుల్లలు గుచ్చుకుంటాయని చిన్నపిల్లల బడులు కొన్ని వాటిని పెట్టనివ్వవు. చిట్టి టమాటాలు గొంతుకు అడ్డం పడతాయని నాలుగు ముక్కలు కోసి పెట్టమంటాయి. నోరికీ నువ్వులకూ మించి నా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదిప్పుడు.

అసలు విద్య సర్దడంలో ఉంది. అన్నం ముందు పెట్టాలి, ఒక పక్కకు వాలుగా. ఆవిరి పోయి చల్లారేదాకా మూత పెట్టకూడదు, లేకపోతే ఆ తడికి మధ్యాహ్నానికి పాచిపోతుంది. పెద్ద ముక్కలు తర్వాత, చిన్నవి ఆ తర్వాత, మిగిలిన సందుల్లో బ్రోకలీ. నా ఉద్దేశంలో బ్రోకలీని దేవుడు సృష్టించింది సందులు పూడ్చడానికే. పిల్ల సంచి ఊపుకుంటూ పరుగెత్తినా లోపల ఏదీ కదలకూడదు. చారు లేదు, పులుసు లేదు, మజ్జిగ లేదు. ఒక పదార్థం ఇంకోదాని మీదికి కారకూడదు. అన్నీ కలుపుకుని జుర్రుకునే మన భోజనానికి ఇది పూర్తిగా ఎదురు మడి.

అన్నం దగ్గర మన బియ్యం మొరాయించింది. సోనా మసూరి వేడిగా ఉన్నప్పుడే రాజు. చల్లారితే బిరుసెక్కి, పొడిపొడిగా విడిపోయి, చాప్‌స్టిక్స్ మధ్య నిలవదు. జపాన్ పొట్టి బియ్యంలో అమైలోజ్ తక్కువ, అందుకే చల్లారినా మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది. చల్లగా తినే భోజనం ఆ దేశంలో ఇంత గొప్పదవడానికి సగం కారణం ఆ బియ్యమేననిపిస్తుంది. తరవాత తరవాత వాళ్ల అన్నంలోనే మన పులిహోర పోపు కలిపి, తడిచేత్తో మూడు కోణాల ఒనిగిరి ముద్దలు ఒత్తడం మొదలుపెట్టాను. చక్కగా నిలిచాయి. మన ప్రయాణాల్లో పులిహోర పాడవకుండా కాచేది చింతపండు పులుపే. వాళ్ల అన్నానికి ఆ కాపలా ఉమెబొషిది, అంటే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి పండుది. చిన్న ఇడ్లీలకు నోరి కళ్లూ చెవులూ అతికిస్తే పాండాలు. పక్కనున్న జపాన్ పిల్లలు ఆ తెల్లటివి ఏమిటని అడిగితే పాప "అమ్మ చేసిన పాండాలు" అని చెప్పిందట. ఇడ్లీ అన్న పేరు అక్కడ ఇంతవరకు ఎవరికీ తెలీదు.

ఉమెబొషి అన్నాను కాబట్టి ఒక మాట. తెల్లటి అన్నం పరిచి నట్టనడుమ ఎర్రటి ఉమెబొషి ఒక్కటి పెడితే అది హినొమారు బెంటో. వాళ్ల జెండా. యుద్ధకాలంలో దాన్ని దేశభక్తి భోజనమన్నారు. ఆ పండు పులుపు రోజూ ఒకేచోట తగిలి అల్యూమినియం మూతకు చిల్లి పడేదని పాతకాలం వాళ్లు చెబుతారు. దేశభక్తి పేరు పెట్టినా, చాలా ఇళ్లలో అంతకుమించి పెట్టడానికేమీ లేదన్నదే నిజం. తరగతిలో అందరూ ఒకేసారి మూతలు తీస్తే ఎవరింట్లో ఏముందో బయటపడిపోతుంది. తెచ్చుకోలేని పిల్లలూ ఉండేవాళ్లు. యుద్ధం తర్వాత బడి భోజనాలు వచ్చి, 1954లో వాటికో చట్టం వచ్చాక ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలందరికీ ఒకే వంట అందింది. ఇప్పటికీ పిల్లలే తెల్లకోట్లు, టోపీలు వేసుకుని ఒకరికొకరు వడ్డించుకుంటారు. అలా రోజూ ఇంటినుంచి బెంటో వెళ్లేది ఎక్కువగా కిండర్‌గార్టెన్లకూ, హైస్కూళ్లకూ, ఆఫీసులకూ మిగిలింది. సాసేజీకి కాళ్లు పెట్టే సరదా కడుపునిండిన రోజుల సరదా. కరువులో ఎవరూ ఆపిల్‌కు చెవులు చెక్కరు.

సరదా కూడా సరదాగా మిగలనిస్తేనే గదా. క్యరబెన్ అని, కార్టూన్ బొమ్మలను అచ్చు దించేసే బెంటోలున్నాయి. వాటికి పుస్తకాలు, పోటీలు, ఫొటోలు. మూత తీసేది పిల్లే అయినా చూసేది టీచరూ, తోటి తల్లులూ, ఊరూ. ఆన్ ఆలిసన్ లాంటి వాళ్లు దీన్ని చాలాకాలం కిందటే పట్టుకున్నారు. ఆవిడ అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు, కొడుకును టోక్యోలో చిన్నపిల్లల బడిలో చేర్చి తనూ బెంటోలు కట్టింది. ఆ అనుభవంతో 1991లో రాసిన వ్యాసంలో, ఈ డబ్బా మీదుగా రాజ్యం పిల్లకు ఒద్దికనూ తల్లికి తల్లితనాన్నీ నేర్పుతోందని తేల్చింది. డబ్బా మొత్తం ఖాళీ చెయ్యడం పిల్లకు పరీక్ష, ఖాళీ చేసేలా కట్టడం తల్లికి పరీక్ష. చదివినప్పుడు ఇంత చిన్న డబ్బా మీద ఇంత పెద్ద మాటా అనుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి లేచి, కత్తెరతో నోరి రెప్పలు కత్తిరిస్తున్న పక్క ఫ్లాట్ ఆవిడ కళ్లకింద నలుపు చూశాక ఆలిసన్ వైపే మొగ్గాను. పోల్చుకుని పిల్లలు చిన్నబుచ్చుకుంటారని క్యరబెన్లు వద్దనే బడులు కూడా కొన్ని ఉన్నాయి.

అయితే ఆటకు ఇంకో ముఖం చూపించిన సినిమా ఒకటుంది. 2019లో వచ్చింది, ఒక తల్లి నిజంగా కట్టిన డబ్బాల కథ. హచిజోజిమా అనే దీవిలో ఒంటరి తల్లి, హైస్కూలుకొచ్చి తల్లితో మాట్లాడ్డం మానేసిన కూతురు. నోటితో చెబితే వినదు కాబట్టి తల్లి రోజూ డబ్బాలో నోరితో చీవాట్లు రాస్తుంది, కూతురు తోటివాళ్ల ముందు మూత తీయడానికి సిగ్గుపడేంత ముద్దు బొమ్మలు పెడుతుంది. వేధించడానికే. కూతురు ఒక్క మాటా మాట్లాడదు, డబ్బా మాత్రం ఖాళీగా తెస్తుంది. ఆ పేచీ చదువు పూర్తయ్యేదాకా నడుస్తుంది. చూస్తూ చూస్తూ నేను మా అమ్మను తలుచుకున్నాను. అలిగిన రోజున కంచంలో కావాలని కాకరకాయ వేసే మనిషి ఆవిడ.

ఇవన్నీ ఒక ఎత్తు, కగావా రాష్ట్రంలో ఒక హెడ్మాస్టరు చేసిన పని ఒక ఎత్తు. 2001లో తాకినోమియా ప్రాథమిక పాఠశాలలో తకెషిత కజువో అనే ఆయన "బెంటో రోజు" పెట్టాడు. ఐదు, ఆరు తరగతుల పిల్లలు ఏడాదిలో ఐదుసార్లు తమ బెంటో తామే కట్టుకుని రావాలి. ఏం వండాలో అనుకోవడం, కొనుక్కు రావడం, వండడం, సర్దడం, గిన్నెలు తోమడం అన్నీ వాళ్లే. ఆడపిల్లలేనా, మగపిల్లలేనా అన్న తేడా లేదు. పెద్దవాళ్లకు ఒకటే నిబంధన, సాయం చెయ్యకూడదు. కత్తులు, నిప్పు అని మొదట భయపడ్డవాళ్లున్నారు. తర్వాత ఆ పద్ధతి దేశంలో చాలా బడులకు పాకింది. తల్లి ప్రతిభను ఊరు చూసే డబ్బాను ఆయన ఒక్క దెబ్బతో పిల్ల చేతికిచ్చేశాడు. ఇన్నేళ్ల బెంటో కథలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచింది అదే.

పాప ఇప్పుడు ఐదో తరగతి. బడిలో భోజనం పెడతారు కాబట్టి దానికి డబ్బా అక్కర్లేదు, నేను కట్టేది మా ఆయన ఆఫీసుకు. తకెషిత గారి సంగతి ఒకరోజు మాటల్లో చెబితే, "అయితే నాన్న బాక్సు నేను కడతాను, నువ్వు వంటింట్లోకి రాకూడదు" అంది. రాకూడదంటే ఎంత రాకూడదో తెలిసేసరికి గుమ్మం దగ్గర నిలబడి నా కాళ్లు లాగాయి. లోపల ఏదో మాడుతోంది. "మంట తగ్గించవే" అని నోటిదాకా వచ్చింది. మింగాను. కత్తి చప్పుడు ఆగిన ప్రతిసారీ నా ఊపిరీ ఆగింది. అరగంటకు మూత పెట్టిన డబ్బా గుడ్డలో ముడి కట్టి బయటికి తెచ్చింది. ఏం పెట్టావంటే చెప్పదు.

సాయంత్రం ఆయన వచ్చి చెప్పారు. అన్నం మీద నాన్న ముఖమట. నోరి జుట్టు, పలచగానే వేసింది, ఉన్నదున్నట్టు. గుడ్డు చెవులు, ఒకటి బాగా మాడింది. కళ్లద్దాలకు మాత్రం రెండు చక్రాలు కాకరకాయ. ఆయన ఈ జన్మలో ముట్టని కూర అదొక్కటే, ఆ సంగతి పాపకు తెలుసు. మూత తీసేసరికి పక్క టేబుల్ వాళ్లు లేచి వచ్చారట, సెక్షన్ మేనేజరు కూడా వచ్చి డబ్బాను ఓసారి, ఆయన ముఖాన్ని ఓసారి చూసి తలాడించారట. అందరి ముందూ కాకరకాయ పక్కన పెట్టేస్తే బాగుండదు కదా మరి.

పాప సింకు దగ్గర డబ్బా మూత తీసి మూలమూలలా చూసింది.

"కళ్లద్దాలేవి నాన్నా?"

"తిన్నానమ్మా."

"నిజంగా? రేపు కూడా కట్టనా?"

"కట్టు. కానీ రేపటికల్లా నాకు చూపు బాగైపోయిందనుకో తల్లీ."